కన్నీళ్లు ఆగకపోతే ఆత్మ వెళ్లిపోయినట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి. సంతోషం ఉందా లేదా, ఉంటే ఎందుకు కనబడదు, కనబడకపోతే పరిశుద్ధాత్మ మనలో లేనట్టేనా. కొందరు ఓపిగ్గా కార్డు రాశారు, ఎక్కువమంది వాట్సాప్‌లో పంపారు, ఒకాయన మాత్రం పేద్ద వాయిస్ మెసేజ్ పెట్టారు (దయచేసి వద్దండీ, ఇది చదివే కాలమ్). పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు కాబట్టి పేట పేరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం ఆరాధనలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే నాకు ఏడుపొస్తుంది, ఒక్కోసారి అదీ రాదు, ఊరికే గోడవైపు చూస్తూ కూర్చుంటాను. మొన్న కాటేజ్ మీటింగ్‌లో (ఇళ్లల్లో పెట్టుకునే ప్రార్థన కూడిక) ఒక సిస్టర్ అందరి ముందే "పరిశుద్ధాత్మ ఉన్నచోట దుఃఖానికి తావుండదు, మీరు స్తుతించడం మానేశారు కాబట్టే ఇలా ఉన్నారు" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆత్మ ఫలంలో, అంటే ఆత్మ మనిషిలో పుట్టించే గుణాల్లో, సంతోషం ఉందని బైబిలే చెబుతోంది కదా. ఆత్మ నన్ను విడిచిపోయాడా? (అల్వాల్ నుంచి ఒక సోదరి)

జవాబు: లేదమ్మా. ముందు ఆ ఒక్క మాట చెప్పేస్తున్నాను, మిగతాదంతా చదివేదాకా మీరు ఆ భయంతోనే కూర్చోవడం నాకిష్టం లేదు.

ఆ సిస్టర్ మిమ్మల్ని బాధపెట్టాలని అని ఉండరు. మన సంఘాల్లో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. ఎవరైనా ఏడిస్తే చాలు మనకు కంగారు, వెంటనే ఒక వాక్యం అందించి ఆ ఏడుపు ఆపించేయాలి, లేకపోతే మన విశ్వాసానికే ఏదో లోటు వచ్చినట్టు. ఆదరణ కూడికలు చూడండి. మైకు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు "ఆయన మహిమలో ఉన్నారు, మీరు ఏడవకూడదు" అంటారు, షామియానా కింద భోజనాలవుతాయి, సాయంత్రానికి కుర్చీలవాడు కుర్చీలు పట్టుకెళ్లిపోతాడు, ఆ తర్వాత నెలకి ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు ఎంతమంది? తట్టరు. ఏడవకూడదని చెప్పి వచ్చాం కదా, ఇంకేం పని.

మీరు ఒకసారి ఫిలిప్పీ పత్రిక తీయండి, ఫిలిప్పీ సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం. నాలుగే అధ్యాయాలు, కూర్చుంటే అయిపోతుంది. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట అందులోదే, క్యాలెండర్ల మీద, గోడ స్టిక్కర్ల మీద, ఆటోల వెనక కూడా కనిపిస్తుంది. అది రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడని పాస్టర్లు చెబుతూనే ఉంటారు. కానీ అదే పత్రిక రెండో అధ్యాయం చివర్లో ఎపఫ్రొదితు అనే మనిషి సంగతి ఉంది, దాన్ని ఎవరూ స్టిక్కర్ వేయించరు. పౌలు అవసరాలు చూడమని ఫిలిప్పీ వాళ్లు పంపిన మనిషి, అక్కడికెళ్లి చావుదాకా జబ్బుపడ్డాడు. దేవుడు అతన్ని కనికరించాడు, అతన్నే కాదు, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా నన్ను కూడా కనికరించాడు అని పౌలు రాశాడు. అంటే అప్పటికే మనసులో ఒక దుఃఖం ఉంది, ఇతను కూడా పోయి ఉంటే దానిమీద ఇంకోటి పడేది. మూడో అధ్యాయంలోనైతే ఏడుస్తూనే ఈ మాట చెబుతున్నానని రాశాడు. సంతోషం గురించి అన్నిసార్లు రాసిన మనిషే, అన్నీ ఆ నాలుగు అధ్యాయాల్లోనే.

ఇంకా సూటిగా కావాలంటే రోమా పత్రికకు రండి. ఎనిమిదో అధ్యాయం దాదాపు అంతా ఆత్మ గురించే, క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపేవాడెవడు అనే మాటలతో ముగుస్తుంది, పండుగ ప్రసంగాలన్నీ అక్కడే ఆగిపోతాయి. మీరు పేజీ తిప్పండి. తొమ్మిదో అధ్యాయం మొదట్లోనే, తనకు బహు దుఃఖమూ గుండెలో మానని వేదనా ఉన్నాయని పౌలు అంటాడు, పైగా అది నిజమేనని పరిశుద్ధాత్మయందు తన మనస్సాక్షే సాక్ష్యమిస్తోందంటాడు. చూశారా, ఆత్మను సాక్షిగా పెట్టుకుని మరీ "నాకు దుఃఖముంది" అంటున్నాడు. ఆ సిస్టర్ చెప్పిన లెక్కకు పౌలు కూడా సరిపోడు. లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతన్ని లేపుతానని తెలిసి కూడా కన్నీళ్లు పెట్టుకున్న యేసు అసలే సరిపోడు.

"నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దు అని థెస్సలొనీక పత్రికలో ఉంది కదా" అని ఎవరైనా మీతో అనొచ్చు. ఉంది. నిరీక్షణ ఉన్నవాళ్లలా దుఃఖపడండి అనే కదా అర్థం.

ఇక గోడవైపు చూస్తూ కూర్చోవడం గురించి. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని అదే ఎనిమిదో అధ్యాయంలో ఉంది. మాట రాని ప్రార్థన మీ లెక్కలో ప్రార్థన కాకపోవచ్చు, ఆయన లెక్కలో అవుతుంది. కీర్తనల్లో 88వది చదివారో లేదో. మిగతా ఏడుపు కీర్తనలు చాలావాటికి చివర్లో ఎక్కడో ఒక స్తుతి వస్తుంది, దీనికి రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఆలయ గాయకులైన కోరహు కుమారులు పాడుకున్న పాట అది. చివర ఒక హల్లెలూయ అతికించి బాగుచేద్దామని ఎవరికీ అనిపించలేదు, దాన్ని దాని మానాన ఉంచారు.

తింటున్నారా అమ్మా? మీ ఉత్తరంలో నిద్ర మాట ఉంది, తిండి మాట లేదు. రాజుల మొదటి గ్రంథం 19లో ఏలీయా ప్రవక్త చెట్టుకింద కూలబడి ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. కొండమీద ఆ నిమ్మళమైన స్వరం వినిపించడం ఆ తర్వాత సంగతి. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఒక్కదానికే వండుకోవడమెందుకులే అని రాత్రి టీ, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు, నాకు తెలుసు. అలా చేయకండి. నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, దేనిమీదా ఆశ లేనట్టు అనిపించినా డాక్టర్‌కు చూపించుకోండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తగానే జోకులేసే అలవాటు మన ఊళ్లో ఎప్పుడు పోతుందో గానీ, మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టనే మాటను మాత్రం మీరు లెక్కచేయకండి.

ఒక వచనం గురించి చెప్పి వదిలేస్తాను, అది మీకంటే ఎక్కువగా మీ సంఘానికి. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు", నెహెమ్యా 8వ అధ్యాయం. ఆ రోజు జనం నిజంగానే ఏడుస్తున్నారు, ఏడవొద్దని నిజంగానే చెప్పారు. అయితే వాళ్లు ఏడ్చింది ధర్మశాస్త్రం చదివి వినిపిస్తుంటే, ఇంట్లో మనిషి పోయి కాదు. పైగా మనం వాడుకునేది ఆ వచనంలో చివరి ముక్క. ముందు ముక్కలో వెళ్లి మంచి భోజనం చేయండి, తీపి పానీయాలు తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకు వంతులు పంపించండి అని ఉంది. ఆనందించమని చెప్పిన నోటితోనే అన్నం డబ్బా పంపమన్నారు. మీకు వాక్యం చెప్పిన ఆ సిస్టర్ ఇంటి నుంచి ఈ ఏడాదిలో ఒక్క డబ్బా వచ్చిందా? రాకపోతే ఈసారి ఆమె మొదలుపెట్టగానే "సిస్టర్, వాక్యం తర్వాత విందాం, రేపు సాయంత్రం వచ్చి ఒక గంట నా పక్కన కూర్చోండి" అని అడగండి. సిగ్గుపడకుండా అడగండి. ఏడ్చేవాళ్లతో ఏడవమన్నది కూడా ఆజ్ఞే.

సంతోషం వస్తుంది. ఎప్పుడని నేను చెప్పలేను, ఆరాధనలోనే వస్తుందని కూడా లేదు. ఏదో ఒక పూట పక్కింటావిడ మాటకు పకపకా నవ్వేస్తారు, నవ్వేశాక మా ఆయన పోయి ఇంకా ఎంతకాలమైందని ఇలా నవ్వుతున్నాను అని గిల్టీగా అనిపిస్తుంది. ఆ గిల్టీ మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: అమ్మగారూ, నేను కొండాపూర్‌లో హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా యూత్ వాళ్లు ఉపవాస ప్రార్థనలు పెట్టారు. నా పక్కనున్న అందరికీ భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషలో ప్రార్థించడం) వచ్చాయి, నాకు రాలేదు. నీలో ఏదో అడ్డు ఉంది అంటున్నారు. నోటికొచ్చింది అనడం మొదలుపెట్టు, ఆత్మే అందుకుంటాడు అని కూడా అంటున్నారు. ఆఫీసులో పని మీద కూడా మనసు నిలవడం లేదు, ఇదే టెన్షన్.

జవాబు: నోటికొచ్చింది అనకు నాయనా. రానిదాన్ని వచ్చినట్టు చేస్తే నీకే తెలుస్తుంది, ఆ తర్వాత నిజంగా వచ్చినా నువ్వే నమ్మలేవు.

ఈ విషయంలో సంఘాల మధ్య తేడా ఉంది, అది దాచడమెందుకు. పెంతెకొస్తు సంఘాల్లో చాలావరకు ఆత్మ బాప్తిస్మానికి భాషలే మొదటి గుర్తు అని బోధిస్తారు, 1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధిలో మొదలైన కూడికల నుంచి ఆ బోధ ప్రపంచమంతా పాకింది. సీఎస్‌ఐ, బాప్టిస్టు, లూథరన్ సంఘాలు అలా బోధించవు. మన హైదరాబాదులో ఒకే గల్లీలో ఈ రెండు రకాల మందిరాలూ ఉంటాయి, ఒకదాని మైకు ఇంకోదానికి వినబడుతూ ఉంటుంది. రెండింట్లోనూ దేవుణ్ణి ప్రేమించేవాళ్లను చూశాను, ఆదివారం పార్కింగ్ దగ్గర గొడవపడేవాళ్లనూ చూశాను. నా మటుకు నాకు మొదటి కొరింథీ 12 చివర్లో "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని పౌలు అడిగిన ప్రశ్న చాలు, లేదు అనే జవాబు వస్తుందనుకుని అడిగిన ప్రశ్న అది.

కొరింథు సంఘం సంగతే చూడు. భాషలకు కొదవ లేదు. అదే సంఘంలో ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడని పదకొండో అధ్యాయంలో పౌలు తిట్టాడు. ఇది మనసులో పెట్టుకుని పదమూడో అధ్యాయం చదువు, పెళ్లి శుభలేఖల మీద అచ్చువేసుకునే పాటలా ఉండదు, కోపంగా రాసిన ఉత్తరంలా ఉంటుంది. ప్రేమ లేకుండా దేవదూతల భాషలు మాట్లాడినా మ్రోగెడు కంచునూ గణగణలాడు తాళాన్నీ అన్న మాట వాళ్ల మొహం మీదే అన్నమాట.

అపొస్తలుల కార్యములు 6 కూడా చూడు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పెట్టే అన్నం సరిగా అందడం లేదని గొడవ లేచింది. వడ్డన పని చూసుకోవడానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎలాంటివాళ్లను? ఆత్మతోను జ్ఞానంతోను నిండినవాళ్లను. అన్నం లెక్కలు చూడ్డానికి! అక్కడ అడిగిన మరో అర్హత మంచిపేరు, భాషల మాటే రాలేదు.

కాబట్టి నీలో అడ్డు ఉందా లేదా అని వెతుక్కోవాలంటే నేనైతే ప్రార్థన గదిలో వెతకను. అర్ధరాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయి మేనేజర్ కాల్‌లోకి వచ్చి అరుస్తున్నప్పుడు, తప్పు సగం నీదైతే, కొత్తగా చేరిన జూనియర్ పేరు మెయిల్లో పెట్టి పక్కకు తప్పుకున్నావా? హాస్టల్లో వంటామెను ఏమని పిలుస్తావు? అక్కడ బాగానే ఉంటే నిశ్చింతగా ఉండు. లేకపోతే పశ్చాత్తాపపడాల్సింది దాని గురించి. భాషల వరం దేవుడిస్తే తీసుకో, ఇవ్వకపోతే లేదు, అడగడంలో తప్పు లేదు. యూత్ మానేయకు, కానీ ఇంకోసారి ఎవరైనా నెత్తిమీద చెయ్యి పెట్టి ఊపుతుంటే చెయ్యి తీయమని మర్యాదగా చెప్పు.

ప్రశ్న: మాది అడ్డగుట్ట. ఏటా క్రిస్మస్‌కి మా చర్చి పెద్దవాళ్లు మా బస్తీకి వచ్చి బియ్యం, కంబళ్లు పంచుతారు, ఫోటోలు తీసుకుంటారు. మేమూ ఆ చర్చిలోనే సభ్యులం అమ్మగారూ. ఒక్కరోజు కూడా ఎవరూ ఇంట్లోకి రా అక్కా అని పిలవలేదు, మా ఇంట్లో చాయ్ తాగలేదు. ఇది ప్రేమేనా? అడిగితే కృతజ్ఞత లేదంటారని భయం.

జవాబు: కృతజ్ఞత లేకపోతే మీరు ఇంత ఓర్పుతో రాయరు చెల్లీ.

మీరడిగిన ప్రశ్న 1910లోనే ఒకాయన అడిగాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళ దేశం నుంచి మన డోర్నకల్‌కు సువార్త పనికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడే బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. దానికి రెండేళ్ల ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే, ఎదురుగా తెల్లదొరలు నిండుగా కూర్చుని ఉండగా లేచి, మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి కూడా ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. కొరింథీ పదమూడో అధ్యాయాన్నే తీసి వాళ్ల ముందు పెట్టాడు. అందరికీ నచ్చలేదు, కొందరు నొచ్చుకున్నారు. వందేళ్లు దాటింది, దొరలు వెళ్లిపోయారు, ఇప్పుడు ఆ కుర్చీల్లో మనవాళ్లే కూర్చున్నారు.

ఇవ్వడాన్ని నేను తక్కువ చేయను. మెదక్ కెథెడ్రల్ చూడ్డానికి మన ఊరి నుంచి బస్సులేసుకుని వెళ్తాం, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన ఆ చర్చి కరువు రోజుల్లో జనానికి పని కల్పించి తిండి పెడుతూ కట్టించింది. ఆకలిగా ఉన్నప్పుడు అన్నమే ప్రేమ. కానీ ఏళ్ల తరబడి ఒకరు ఎప్పుడూ ఇచ్చేవాళ్లు, ఇంకొకరు ఎప్పుడూ వరసలో నిలబడేవాళ్లు అయితే, అదీ ఒకే రొట్టె విరుచుకునే సంఘంలో, ఎక్కడో తేడా కొట్టినట్టే. బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు ఇస్తే మీరు పక్షపాతం చూపినవాళ్లేనని యాకోబు రెండో అధ్యాయంలో రాశాడు. మన దగ్గర ఉంగరంతో పాటు కులం కూడా ఉంది, ఆ మాట ఎవరూ పైకి అనరు, పెళ్లి సంబంధాల దగ్గర బయటపడుతుంది.

మీరు ఒక పని చేయండి. వచ్చే నెల కాటేజ్ మీటింగ్ మా ఇంట్లో పెట్టండని పాస్టర్ గారిని అడగండి. ఇల్లు చిన్నదైతే వాకిట్లో చాప వేయండి. చాయ్ పెట్టండి. ఎవరు వచ్చారు, ఎవరు కప్పు పట్టుకుని తాగారు, ఎవరు ఉపవాసమని తప్పించుకున్నారు, మీకే అర్థమవుతుంది. పాస్టర్ గారు కుదరదంటే నాకు మళ్లీ రాయండి. పెద్దవాళ్లకు నాది ఒకే మనవి, ఈ డిసెంబరులో ఆ ఫోటో మానేయండి. కంబళి కప్పుకున్న మనిషి మొహం చర్చి వాట్సాప్ గ్రూపులో ఎందుకు?

ప్రశ్న: క్రిస్మస్ క్వైర్‌కి మెరూన్ చీరలా నీలం చీరలా అన్న దగ్గర మాటామాటా పెరిగి నాకూ ఇంకో సిస్టర్‌కీ మాటల్లేవు. ఇలా ఉండి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) తీసుకోవచ్చా? (సికింద్రాబాద్)

జవాబు: నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలు, సువార్త పనిలో పౌలుతో కలిసి పాటుపడినవాళ్లు. ఎందుకు పోట్లాడుకున్నారో ఎక్కడా లేదు, చీరలు మాత్రం అయి ఉండవు. సంఘమంతా వినేలా చదివే ఉత్తరంలో పేర్లు పెట్టి మరీ, ఏకమనస్సుతో ఉండండమ్మా అని ఆయన బతిమాలాడు. ఇంతా చేస్తే ఆనందించుడి అన్న వచనం దాని తర్వాతే వస్తుంది. పరిశుద్ధాత్మను దుఃఖపరచొద్దు అన్న ఎఫెసీ మాట కూడా చూడండి, దానికి ముందు నోటి దురుసు గురించి ఉంది, వెనక కోపం, అల్లరి, దూషణ గురించి ఉంది.

బల్ల ఆదివారమైతే శనివారం ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, నీలం టిక్కులు చూస్తూ కూర్చుంటారు. ఆమె ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి, సహోదరునికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లమని మత్తయి ఐదులో ప్రభువే చెప్పాడు. వెళ్లి కూడా కుదరకపోతే బల్ల తీసుకోండి, మీ వంతు మీరు చేశారు. చీర విషయంలో నా ఓటు నీలానికే.

ప్రశ్న: బిర్యానీ తిని, సినిమా చూసి వచ్చే సంతోషం లోక సంతోషమా, ఆత్మ సంతోషమా? మా ఇంట్లో దీనిమీద వాదన నడుస్తోంది. (మల్కాజిగిరి)

జవాబు: ప్రభువు చేసిన మొదటి సూచక క్రియ పెళ్లి విందులో నీళ్లను ద్రాక్షారసం చేయడం, అక్కడున్నవి రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానలు. అంత ఎందుకని ఆయన లెక్క చూసుకోలేదు. బిర్యానీ మీద నాకెలాంటి అభ్యంతరమూ లేదు, ఇంట్లో అందరికీ సరిపడా తెచ్చుకుంటే. సినిమా సంగతి సినిమాను బట్టి ఉంటుంది. మల్టీప్లెక్స్‌లో టికెట్ రేటు, ఆ పాప్‌కార్న్ రేటు చూశాక మాత్రం ఆత్మ ఫలంలోని ఆశానిగ్రహం నాకు దానంతటదే వస్తోంది.